విమానం నేల మీద ఉన్నప్పుడు: ఎనిమిది తలకిందుల సలహాలు

కోనసీమలోని అల్లవరం మండలంలో ఏ వీధికెళ్లినా గల్ఫ్‌లో పనిచేసే మనిషి ఉన్న ఇల్లు కనిపిస్తుంది. అలా వెళ్లిన కుర్రాళ్లలో విమానాశ్రయాల్లో పనికి కుదిరేవాళ్లూ ఉన్నారు. సామాను ట్రాక్టరు తోలడం, మెట్ల బండి నడపడం, రన్‌వే మీద పడ్డ రాయీ రప్పా ఏరే జీపు నడపడం, ఇలాంటివి. కొందరు శంషాబాద్‌లోనే చేరతారు. అమలాపురంలో డిగ్రీ చదువుతూ కంట్రోల్ టవర్‌లో ఉద్యోగం కోసం పరీక్షకు తయారయ్యేవాళ్లూ ఉంటారు. ఈ సలహాలు వాళ్లందరికీ, వాళ్లని విమానం ఎక్కించి కళ్లలో వత్తులేసుకుని ఎదురుచూసే ఇంటివాళ్లకీ.

వినగానే ఇవి అడ్డదిడ్డంగా అనిపిస్తాయి. పెద్దవాళ్లు చెప్పేదానికి, మన అలవాటుకి ఎదురుగా ఉంటాయి. అయినా మనస్ఫూర్తిగా చెబుతున్నాను. చాలావాటి వెనక ఒక ప్రమాదం ఉంది, పోయిన ప్రాణాలున్నాయి.

1. గాల్లో ఉన్నంతసేపూ నిశ్చింతగా ఉండండి, నేల మీదికొచ్చాక భయపడండి

విమానం లేస్తుంటే దణ్ణం పెట్టుకుంటాం. చక్రాలు నేలని తాకగానే ఫోన్ ఆన్ చేసి "దిగిపోయాం" అని ఇంటికి చెప్పేస్తాం. కానీ విమాన ప్రమాదాలన్నింటిలో ఎక్కువమందిని పొట్టనపెట్టుకున్నది నేల మీదే జరిగింది. 1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో రెండు జంబో విమానాలు ఒకే రన్‌వే మీద ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. ఒకటి టేకాఫ్ కోసం పరుగు తీస్తోంది, రెండోది అదే రన్‌వే మీద ఎదురుగా నడుస్తోంది. దట్టమైన మంచు. టవర్‌లోని కంట్రోలర్‌కి రెండూ కనపడలేదు. నేల మీద కదిలేవాటిని చూపించే రాడార్ ఆ విమానాశ్రయంలో లేదు.

ఆకాశంలో ఒకే ఎత్తులో ఎగిరే రెండు విమానాల మధ్య కిలోమీటర్ల దూరం ఉంచుతారు. నేల మీద మాత్రం విమానాలు, ట్యాంకర్లు, జీపులు, అగ్నిమాపక వాహనాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నట్టు తిరుగుతాయి. దిగే విమానం సెకనుకి సుమారు 70 మీటర్లు ముందుకొచ్చేస్తుంది. ఎదురుగా ఏదైనా ఉంటే, చూసి ఆగేంత వ్యవధి దానికి ఉండదు.

2. మంచు లేని రోజున ఇంకాస్త ఎక్కువ జాగ్రత్తపడండి

మంచు కురిసిన రోజున ఎవరికీ చెప్పక్కర్లేదు, అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకునే పనిచేస్తారు. అంతా తేటగా కనిపిస్తున్న రోజునే మనసు సడలుతుంది. 1991 ఫిబ్రవరి 1 సాయంత్రం లాస్ ఏంజెలెస్‌లో మంచు లేదు. రన్‌వే మీద టేకాఫ్‌కి నిలబెట్టిన చిన్న విమానాన్ని కంట్రోలర్ మర్చిపోయి, దాని మీదికే పెద్ద విమానాన్ని దించారు. 35 మంది చనిపోయారు. ఆ రోజు నేల రాడార్ పనిచేయడం లేదు.

మన దేశంలో 2020 ఫిబ్రవరి 15న పుణెలో ఎయిర్ ఇండియా విమానం టేకాఫ్ పరుగులో ఉండగా పైలట్లకి రన్‌వే మీద జీపు, ఒక మనిషి కనిపించారు. ముందుగానే విమానాన్ని లేపేశారు, తోక నేలకి రాసుకుంది. ఢిల్లీలో క్షేమంగా దిగారు. 2024 జూన్ 8న ముంబైలో ఒక విమానం లేస్తూ ఉండగానే ఇంకోటి అదే రన్‌వే మీద దిగింది. ఈ రెండూ మంచు మీదికి నెట్టేసే సంఘటనలు కావు.

3. స్క్రీన్ ఖాళీగా ఉంటే రన్‌వే ఖాళీ అనుకోకండి

శంషాబాద్, ఢిల్లీ లాంటి పెద్ద విమానాశ్రయాల్లో, నేల మీది కదలికల్ని టవర్‌లోని స్క్రీన్ మీద చూపించే ఏ-ఎస్‌ఎంజీసీఎస్ అనే వ్యవస్థ ఉంటుంది. అమెరికాలో ఇలాంటిదాన్నే ఏఎస్‌డీఈ-ఎక్స్ అంటారు, 35 పెద్ద విమానాశ్రయాల్లో పెట్టారు. ఇందులో ఒక్క యంత్రం కాదు, మూడు రకాల చూపులు కలిసి పనిచేస్తాయి.

మొదటిది నేల రాడార్. సుమారు సెకనుకోసారి చుట్టూ తిరిగి, తగిలిన ప్రతి వస్తువునీ చుక్కగా చూపిస్తుంది. అది ఏ విమానమో, ఏ జీపో దానికి తెలియదు. జోరు వానలో మచ్చలు చూపిస్తుంది. భవనాల మీద తగిలి తిరిగొచ్చే తరంగాల వల్ల లేని వస్తువునీ చూపిస్తుంది.

రెండోది మల్టీలేటరేషన్. జగ్గన్నతోట ప్రభల తీర్థంలో బాణసంచా పేలితే దగ్గర ఊరికి ముందు, దూరం ఊరికి వెనక వినిపిస్తుంది కదా. ఏ ఊళ్లో ఎంత తేడాతో వినిపించిందో లెక్కగడితే పేలిన చోటు తెలిసిపోతుంది. ఇదీ అంతే. విమానంలోని ట్రాన్స్‌పాండర్ పంపే సంకేతాన్ని చుట్టూ అమర్చిన రిసీవర్లు అందుకుంటాయి, ఎవరికి ముందు అందింది, ఎవరికి వెనక అందింది అన్న తేడాని బట్టి స్థానం కడతాయి. రేడియో తరంగం మైక్రోసెకండులో 300 మీటర్లు పోతుంది. 7.5 మీటర్ల తేడా పట్టుకోవాలంటే సెకనులో నాలుగు కోట్లవ వంతుని కొలవాలి. అంత సూక్ష్మంగా కొలిచే యంత్రానికి కూడా ట్రాన్స్‌పాండర్ ఆపేసిన విమానం కనపడదు.

మూడోది ఏడీఎస్-బీ. విమానం ఉపగ్రహాల సాయంతో తన స్థానం తానే తెలుసుకుని చాటుతుంది. చాటకపోతే లేనట్టే లెక్క.

ఈ మూడింటినీ కలిపి కంప్యూటర్ ఒకే బొమ్మ గీస్తుంది. ఏది ఎక్కడ గుడ్డిదో తెలిసిన కంట్రోలర్ చేతిలోనే ఆ బొమ్మకి విలువ. కాబట్టి ఆ పనికి వెళ్లేవాళ్లు యంత్రం ఏం చూపిస్తుందో నేర్చుకునేముందు ఏం చూపించలేదో నేర్చుకోండి.

4. విమానం సంగతి తర్వాత, ముందు జీపుకి ఖర్చు పెట్టండి

కోట్ల రూపాయల విమానాన్ని వదిలేసి పాత జీపుకి పరికరం బిగించడమేమిటని అనిపిస్తుంది. ఆలోచించండి. ప్రయాణికుల విమానంలో ట్రాన్స్‌పాండర్ ఎలాగూ ఉంటుంది. జీపుకీ, ట్రాక్టరుకీ, ఫైర్ ఇంజనుకీ మనం పెడితే తప్ప ఉండదు. 2022 నవంబర్ 18న పెరూ రాజధాని లిమాలో టేకాఫ్ పరుగులో ఉన్న విమానానికి ఎదురుగా అగ్నిమాపక వాహనం రన్‌వే మీదికొచ్చేసింది. విమానంలోని వారు బతికారు, అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. కాపాడే పనిలో ఉన్నవాళ్లే పోయారు.

సముద్రం మీద మనకి ఈ తెలివి వచ్చింది. వేటకెళ్లే లక్ష పడవలకి ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లు పెట్టాలని కేంద్రం 2023లో నిర్ణయించింది. చిన్న పడవ కూడా లెక్కలో ఉండాలన్నదే దాని వెనక ఉన్న ఆలోచన. మన తీరంలోని ఓడలరేవు పడవకి ఇచ్చిన విలువ రన్‌వే జీపుకీ ఇవ్వాలి. మీరు చేరిన చోట మీ బండికి ఆ పరికరం లేకపోతే పై అధికారిని అడగండి. ఉంటే, బండి తీసేముందు అది వెలుగుతోందో లేదో టైరు చూసినట్టు చూసుకోండి.

5. కొత్తది వచ్చిందని పాతదాన్ని అటకెక్కించకండి

2001 అక్టోబర్ 8న ఇటలీలోని మిలాన్ లినాటే విమానాశ్రయంలో మంచులో రెండు విమానాలు ఢీకొని 118 మంది చనిపోయారు. అక్కడి పాత నేల రాడార్‌ని అప్పటికే ఆపేశారు. కొత్తది ఇంకా వాడకంలోకి రాలేదు. మధ్యలో మిగిలిన ఖాళీలోనే ఆ ఉదయం గడిచింది. కొత్త యంత్రం ప్రారంభోత్సవానికి రిబ్బన్ కట్ చేసిన రోజుకీ, కంట్రోలర్లు దాన్ని నమ్మకంగా వాడే రోజుకీ మధ్య ఎంతో పని ఉంటుంది. భోగాపురం లాంటి కొత్త విమానాశ్రయాలు కట్టుకుంటున్న మన రాష్ట్రంలో ఈ సంగతి నిర్మాణ పట్టికలోనే రాసుకోవాలి.

6. దారి తప్పితే గట్టిగా చెప్పండి, పరువు పోతే పోనివ్వండి

మనకి చిన్నప్పట్నుంచి నేర్పింది, తెలియకపోయినా తెలిసినట్టుండమని. విమానాలు తిరిగే ఆవరణలో (ఎయిర్‌సైడ్‌లో) అది చంపేస్తుంది. లినాటేలో చిన్న విమానం ఆర్5 అనే దారిలో వెళ్లాలి, మంచులో ఆర్6లోకి వెళ్లింది. నేల మీద రాసి ఉన్న ఎస్4 అనే గుర్తు దగ్గరికొచ్చానని పైలట్ చెప్పారు కూడా. ఆ గుర్తు ఎక్కడుందో కంట్రోలర్‌కి తెలియదు. అది ఎక్కడో తేలకుండానే విమానం ముందుకు కదిలింది.

రన్‌వేలోకి వెళ్లే దారిలో నేల మీద నాలుగు పసుపు గీతలుంటాయి. మీ వైపు రెండు నిండు గీతలు, రన్‌వే వైపు రెండు తెగిన గీతలు. పక్కన ఎర్ర బోర్డు మీద తెల్లని అంకెలు. అక్కడ బండి ఆపి, రేడియోలో మీ బండి పేరు, ఉన్న చోటు, దాటాల్సిన రన్‌వే చెప్పి అనుమతి అడగాలి. టవర్ చెప్పిన మాటని పూర్తిగా తిరిగి అప్పజెప్పాలి. "ఆయ్, అలాగేనండి" అంటే సరిపోదు. దాటాక "రన్‌వే వెకేటెడ్" అని చెప్పేదాకా పని అయినట్టు కాదు. ఎక్కడున్నారో అనుమానం వస్తే బండి ఆపి ఆ మాటే చెప్పండి. తిట్టినా ఫరవాలేదు. రన్‌వే మీదే ఉన్నారేమోనని అనిపిస్తే మాత్రం అక్కడ ఆగకండి, ఆ మాట వెంటనే చెబుతూ రన్‌వే నుంచి బయటికి వచ్చేయండి.

7. ఎక్కువ అలారాలు కావాలని కోరుకోకండి

2024 జనవరి 2న టోక్యో హనేడాలో దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం, రన్‌వే మీద ఆగి ఉన్న కోస్ట్‌గార్డ్ విమానాన్ని ఢీకొట్టింది. కోస్ట్‌గార్డ్ విమానంలో ఐదుగురు చనిపోయారు. పెద్ద విమానంలోని 379 మందీ మంటల్లోంచి బయటపడ్డారు. అక్కడ రన్‌వే ఆక్రమణని పట్టే వ్యవస్థ ఉంది, పనిచేస్తోంది. కంట్రోలర్ స్క్రీన్ మీద ఒక నిమిషానికి పైగా రంగు మారి హెచ్చరించింది. చూడాల్సిన కన్ను ఇంకో విమానం మీద ఉంది. ఆ తర్వాత కొన్ని రోజులకే అక్కడ ఆ స్క్రీన్‌ని చూడడానికే ఒక మనిషిని పెట్టారు.

అయినదానికీ కానిదానికీ మోగే అలారాన్ని నాలుగు రోజుల్లో ఎవరూ పట్టించుకోరు. యంత్రం కొనే డబ్బులో కొంత దాని ముందు కూర్చునే మనిషి జీతానికీ, విశ్రాంతికీ తీసి పెట్టాలి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నియామకాల్లో ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసినవాళ్లూ, ఇంజనీరింగ్ చేసినవాళ్లూ జూనియర్ ఎగ్జిక్యూటివ్‌గా ఈ కుర్చీలోకి రావచ్చు. రాడార్లు, రిసీవర్లు చూసుకునే ఎలక్ట్రానిక్స్ విభాగం వేరే ఉంది. కోనసీమ పిల్లలు ఆ రెండింటికీ ప్రయత్నించాలని నా కోరిక.

8. దిగబోయిన విమానం మళ్లీ పైకి లేస్తే సంతోషించండి

సంక్రాంతికి మధురపూడిలోనో, శంషాబాద్‌లోనో దిగబోతుండగా ఇంజన్లు హోరెత్తి విమానం మళ్లీ పైకి పోతుంది. లోపల గగ్గోలు. అరగంట ఆలస్యం. బయట కారు పెట్టుకుని కూర్చున్న బావగారి ఫోన్లు. అప్పుడు పైలట్‌ని తిట్టుకోకండి.

2023 ఫిబ్రవరి 4న అమెరికాలోని ఆస్టిన్‌లో మంచు కమ్మిన ఉదయం, దిగుతున్న ఫెడెక్స్ విమానం కిందే, అదే రన్‌వే మీద ప్రయాణికుల విమానం టేకాఫ్‌కి పరుగు తీస్తోంది. ఆ విమానాశ్రయంలో నేల మీది కదలికలు చూపించే వ్యవస్థ లేదు. ఫెడెక్స్ పైలట్లకి చివరి క్షణంలో కింద విమానం కనిపించింది, పైకి లేపేశారు. రెండింటి మధ్య 200 అడుగుల కన్నా తక్కువ దూరం మిగిలింది. మరుసటి ఏడాది ఆస్టిన్‌లో ఏడీఎస్-బీ ఆధారంగా నేల మీది విమానాల్ని చూపించే స్క్రీన్ పెట్టారు.

ఇలా మళ్లీ పైకి లేవడాన్ని గో-అరౌండ్ అంటారు. దానికి చాలా కారణాలుంటాయి, గాలి కావచ్చు, రన్‌వే మీద ఇంకా తప్పుకోని విమానం కావచ్చు. కారణం ఏదైనా, ఎవరో చూశారు, ఎవరో చెప్పారు, ఇంకెవరో విన్నారు. ఆలస్యమైందని బావగారికి ఫోన్ చేసి చెప్పండి, కారణం కూడా చెప్పండి. మన ఊళ్లో నలుగురికి ఈ సంగతి తెలిస్తే, రేపు టవర్‌లో కూర్చునే మన కుర్రాడు అనుమానం వచ్చిన క్షణంలో "గో అరౌండ్" అనడానికి జంకడు.