అంగుళానికి నలభై కళ్లు

నన్ను చూసి దోమతెర అనుకునేవాళ్లే ఎక్కువ. తప్పేమీ లేదు, పనీ అదే. ప్లాస్టిక్ దారంతో నేసిన తెల్ల వలను, అంగుళానికి నలభై కళ్లు. కొత్తచెరువు దగ్గర ఒక చేనిలో ఇనుప గొట్టాలు నాటి, పైన షీటు వేసి, చుట్టూ నన్ను బిగించారు. ఊళ్లో పాలీహౌస్ అంటారు. లోపల కర్బూజ.

చలి దేశాల్లో ఇలాంటి ఇళ్లు వెచ్చదనం కోసం కడతారు. మా దగ్గర వెచ్చదనానికి కరువా? 2022 నుంచి ఇది శ్రీ సత్యసాయి జిల్లా. వాన తీరు మాత్రం పాత అనంతపురానిదే. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లు, అదీ పడాల్సిన రోజున పడదు. ఇక్కడ నాకు అప్పగించిన పని పురుగును బయట నిలబెట్టడం.

చిన్న పురుగు ఎంత పని చేస్తుందో ఈ ఇంటి అవ్వకు బాగా తెలుసు. 2000 ఖరీఫ్‌లో అప్పటి అనంతపురం జిల్లా అంతటా శెనక్కాయ చిగుళ్లు మాడి, కాండాలు నల్లబడి చేలకు చేలు ఎండిపోయాయి. సుమారు 2.25 లక్షల హెక్టార్లు, 300 కోట్ల రూపాయలకు పైగా నష్టం. మొక్కు తప్పిందేమో అనుకుందట అవ్వ. తీరా చూస్తే అది పొగాకు మీద మొదట గుర్తించిన ఒక వైరస్. గట్ల మీది వయ్యారిభామ దాన్ని కడుపులో దాచుకుని పచ్చగానే ఉంటుంది. ఆ పుప్పొడి ఒంటికి అంటించుకున్న తామర పురుగులు శెనక్కాయ ఆకును గీరితే చాలు, జబ్బు లోపలికి దిగుతుంది. అవ్వ ఇప్పటికీ గట్టు మీద వయ్యారిభామ కనబడితే పీకి పారేస్తుంది. శాస్త్రం చెప్పేదీ అదే.

కర్బూజకు తెల్లదోమ అట్లాంటి శత్రువు. వైరస్ ఎక్కి ఆకు ముడుచుకున్నాక ఎంత మందు కొట్టినా లాభం లేదు. తెల్లదోమను ఆపుతాను. తామర పురుగు ఇంకా సన్నం, దాన్ని పూర్తిగా ఆపుతానని బడాయి పోను. మరి కళ్లు ఇంకా సన్నగా నేయొచ్చు కదా? నేస్తే గాలి ఆడదు. ఏప్రిల్ మధ్యాహ్నం గాలి ఆడని పాలీహౌస్‌లో పుప్పొడి చచ్చుబడి పిందె నిలవదు.

అసలు చిక్కు వేరే ఉంది. దోమ ఏదో తేనెటీగ ఏదో నా కళ్లకు తెలియదు. కర్బూజ పుప్పొడి జిగురు, గాలికి ఎగరదు, ఈగ మోయాల్సిందే. ఈగను నేను రానివ్వను గనక ఆ పని ఇంటి కోడలి మీద పడింది. ఎండ ముదరకముందే వచ్చి, మొగపువ్వును తుంచి, పసుపు రెక్కలు వెనక్కి ఒలిచి, నడుమ మిగిలిన పుప్పొడిని పిందె పువ్వు మొనకు మెత్తగా అద్దుతుంది. పిందె పువ్వులు ఎక్కువగా పక్క కొమ్మల మొదటి కణుపు దగ్గరే వస్తాయి. ఆకులెత్తి వెతకాలి. పొద్దెక్కితే పువ్వు వాడిపోతుంది. పురికొసకు పాకించిన తీగల మధ్య ఆమె వంగడం, లేవడం, నడుం పట్టుకోవడం రోజూ చూస్తాను.

జపాన్‌లో 2019లో యూబారి కర్బూజల జత ఒకటి వేలంలో 50 లక్షల యెన్లు పలికిందట. మరిది ఫోన్‌లో చూపిస్తే కోడలు నవ్వింది. చేని దగ్గరికొచ్చిన వ్యాపారి లోపల పండినా బయట పండినా కిలో లెక్కే అన్నాడు మరి.

నా దాయాదుల్లో పేరు తెచ్చుకున్నవీ ఉన్నాయి. హైదరాబాద్‌కు చెందిన ఖేతీ సంస్థ చిన్న రైతులకు తక్కువ ఖర్చుతో గ్రీన్‌హౌస్‌లు కట్టించి, 2022లో బోస్టన్‌లో ఎర్త్‌షాట్ బహుమతి, పది లక్షల పౌండ్లు, అందుకుంది. అక్కడా వేడిని తగ్గించడం, పురుగును ఆపడమే పని. పక్క చేలో ఇంకో చుట్టం ఉంది, క్రాప్ కవర్ అనే పల్చటి తెల్ల గుడ్డ. డ్రిప్పు, మల్చింగ్ షీటు వేసి నారు నాటి, వంచిన కంబీల మీద కప్పుతారు. పూత రాగానే తీసేస్తే ఈగలు వాటంతటవే వస్తాయి. నాకన్నా ఎంతో చవక. సగం సబ్సిడీ వచ్చినా నా గొట్టాల అప్పు ఇంకా తీరలేదు. మామూలు కర్బూజకు ఆ గుడ్డే చాలని నా అభిప్రాయం. నన్నమ్మిన షాపులో ఈ మాట ఎవరూ చెప్పరు. అయితే ఒకటి. నాలోపల వడగాలి తగలదు గనక ఆకు తాగిన నీరు అంత తొందరగా ఎగిరిపోదు. బోరు కాసేపు పోసి ఆగిపోయే చోట అది చిన్న సంగతి కాదు.

"ఈతూరి కీరా పెడదాం మే. పాలీహౌస్ రకం, ఈగ లేకుండానే కాస్తాది" అన్నాడు భర్త.

"అన్ని కీరకాయలు ఈడ ఎవరు కొంటారు? ఈగల పెట్టె తెప్పియ్. నా నడుం పోతాంది."

"లోపలికి ఈగల్ని తెచ్చిపెట్టేదానికి ఈ వల యాటికిరా?" అంది అవ్వ.

పెట్టె వచ్చింది. మొదట్లో ఈగలన్నీ బయటికి పోవాలని నన్నే గుద్దుకున్నాయి, కొన్ని రాలిపోయాయి. మిగిలినవి మెల్లగా పూల దారి పట్టాయి. కోడలు మొగపూలు తుంచడం మానేసి, పెట్టె కాళ్ల కింది గిన్నెల్లో చీమలెక్కకుండా నీళ్లు పోస్తోంది. మందు కొట్టాలంటే భర్త ఇప్పుడు ఆమెను అడగాలి. ఈగలన్నీ పెట్టె చేరాయని ఆమె చెప్పాకే, పొద్దుగూకాక పంపు భుజానికెత్తుకుంటున్నాడు.