ఒకటిన్నర సెంటు ఆసామి

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తలుపులు తెరిచింది 1998లో. అప్పట్నుంచీ ఆ రాళ్లగుట్టల మధ్య రకరకాల జాతులు పుట్టి వర్ధిల్లాయి. వాటిలో కొత్తది శనివారపు రైతు. ఐదు రోజులు రాయదుర్గంలో కోడు, ఆరో రోజు చేవెళ్ల దారిలో గోడు.

గుర్తుపట్టడం తేలిక. కారు డిక్కీలో వేపపిండి వాసన. ఆఫీసులో భోజనం డబ్బా మూత తీస్తూ “ఈ బెండకాయ మనదే” అంటాడు. మన డబ్బాలోది ఎవరిదో అడగడు, జాలిగా చూస్తాడంతే. మొయినాబాద్ వైపు ఇంకా పొలాలు మిగిలాయంటే జంట జలాశయాల కోసం 1996లో తెచ్చిన 111 జీవో పుణ్యం కొంత. మిగతా పుణ్యం తనదేనని అతని నమ్మకం.

మా అపార్ట్‌మెంటులో ఉన్న ఆసామి 2023 మృగశిర కార్తెలో 600 చదరపు అడుగుల చెక్క అద్దెకు తీసుకున్నాడు. నెలకి రెండున్నర వేలు. విత్తనాలు తోటవాళ్లవి, నీళ్లు వాళ్లవి, కలుపు తీసే అవ్వ వాళ్ల మనిషి. ఫొటోలు మాత్రం ఇతనివి. ఏడాది నిండగానే, ఉద్యోగంలో అలవాటైన పనే చేశాడు: తోటకి అప్రైజల్ రాశాడు. క్లబ్‌హౌస్‌లో ప్రొజెక్టర్ పెట్టి మమ్మల్ని పిలిచాడు. సమోసాలున్నాయని వెళ్లాం.

మొదటి స్లైడు బీరతీగ. పూత విరగబూసింది, పిందె లేదు. ఇది విత్తనంలో బగ్ అని తోటవాళ్లకి మెయిల్ కొట్టాడట. అవ్వ నవ్విందట. “ముందు మొగపూలే వస్తయ్ బిడ్డా, ఆడపువ్వు ఎనుక వస్తది. గంత తొందరేంది?” ఆ ముక్కని ‘డిపెండెన్సీ’ అన్న శీర్షిక కింద పెట్టాడు.

తర్వాత బెండ. ఆకుల ఈనెలన్నీ పసుపుపచ్చగా మెరుస్తుంటే అందంగా ఉందని ఫొటో తీసి స్టేటస్ పెట్టాడు. నూట పాతిక మంది హృదయాలు పంపారు. అది తెల్లదోమ అంటించే పల్లాకు తెగులు. మరుసటి వారం అవ్వ మొక్కలు పీకి పారేస్తుంటే “రోల్‌బ్యాక్ లేదా?” అని అడిగాడు.

అన్నిట్లోకీ ఘనమైనది జీవామృతం ఘట్టం. ప్రకృతి సేద్యపు పాలేకర్ లెక్కలో ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి. మనవాడిది సెంటున్నర కూడా లేదు. ఎక్సెల్‌లో కుదిస్తే బెల్లం 28 గ్రాములు, పేడ 138 గ్రాములు అని తేలింది. తూచడానికి వంటింట్లోకి వెళ్లేసరికి త్రాసు లేదు. ఈరోజుకీ దొరకలేదు. వాళ్లావిడ మొహంలో ఏ భావమూ లేదు.

జూలైలో టమాటా కిలో నూరు దాటి ఊరంతా గగ్గోలు పెడుతున్నప్పుడు ఇతని మొక్కలకి నాలుగాకులు. డిసెంబరులో ఇతనివి పండాయి, మెహిదీపట్నం రైతుబజారులోవీ పండాయి. ముల్లంగి అంతా ఒకే వారం ఊరింది. ఆ ఆదివారం కాలింగ్ బెల్ మోగితే మా ఫ్లోరులో ఎవరూ తలుపు తియ్యలేదు. సాంబారు ఎన్ని పూటలని తాగుతాం? ఎండాకాలానికి ఒకే స్లైడు, అందులో గోంగూర.

చివర్లో ఖర్చుల పట్టిక వేసి “ఆరోగ్యానికి వెల కట్టగలమా?” అన్నాడు. “పెట్రోలూ, దారిలో టిఫిన్లూ కలిపితే కిలో ఆరొందలు పడిందండీ. పుచ్చు వంకాయలు తీసేయకుండానే” అని వాళ్లావిడ కట్టి చూపించింది.

వెనక వరసలో తెనాలి వైపునుంచి వచ్చిన వాళ్ల నాన్నగారు కూర్చున్నారు. “వీడి చదువుకని రెండెకరాలు కౌలుకిచ్చి బస్తీకొచ్చేశాం. వీడిక్కడ కౌలుకి తీసుకున్నాడు. ఏడాదికి ముప్ఫై వేలా? ఆ డబ్బుకి మనూళ్లో ఎకరం వస్తుంది కదరా, గట్లతో సహా!”

“అక్కడ యాప్ లేదు నాన్నా” అని కొడుకు వచ్చే ఏటి లక్ష్యాల స్లైడుకి దాటేశాడు. పైన బ్రోకలీ అని ఉంది.

“అదేంట్రా?”

“ఆకుపచ్చ కాలీఫ్లవర్ నాన్నా.”

పెద్దాయన కాసేపు ఆలోచించారు. “అంటే, తెల్లబడక ముందే కోసేస్తారా?”

కొడుకు ఫోన్ తీసి, అవ్వని అడగాలని రాసుకున్నాడు.