‘పాతబడిపోయింది, మార్చాలి’: టీకాతాత్పర్యములు

మూలము: “ఇది పాతబడిపోయింది. డీఫాల్టుగా కొత్తది పెట్టాలి.”

అవతారిక: లినక్సు కూర్చి పంచెడివారి సభలలో ఈ వాక్యము వినబడని రుతువు లేదు. పలికినదెవరో సభ ముగియుసరికి ఎవరికిని గుర్తుండదు గనుక దీనిని అపౌరుషేయముగా గ్రహింపవలెను.

టీక: ‘ఇది’ సుబోధము, వదలితిమి. ‘కొత్తది’ ఏదో సభ్యులకే తేలలేదు గనుక అదియు వదలితిమి. ‘పాతబడిపోయింది’ యొద్ద నిలువవలెను. ఎవరికి పాతబడినది? ఇచట షష్ఠి లోపించినది. (కిన్, కున్ షష్ఠియే. చతుర్థి యనువారు చిన్నయసూరిని మరల తెరతురు గాక.) ఆ లోపము ప్రమాదము కాదు, కౌశలము. షష్ఠి చేర్చినచో వాడుకరి లోనికి వచ్చును, వచ్చి “నాకేం పాతబడలేదండీ” అనును, సభ చెడును.

ఉదాహరణము: 2025 అక్టోబరున వెలువడిన ఉబుంటు 25.10. ఎల్ఎస్, సీపీ, క్యాట్, డేట్ మొదలగు చిన్న ఆజ్ఞలకు గ్నూ వారి సి రచనను పక్కకు జరిపి, రస్ట్ భాషలో తిరిగి వ్రాసిన యూయుటిల్స్‌ను నిలిపిరి. మెమరీ తప్పులు తగ్గునన్నది హేతువు, మంచి హేతువే. అయితే ఫలానా ఫైలు ఎప్పుడు మారెనని అడుగగా కొత్త డేట్ ఇప్పటి సమయమునే చెప్పెను. కొత్తవానికి అన్నియు ఇప్పటివే కదా! దానితో అప్‌డేట్లున్నవో లేవో తనంతట చూచుకొను ఏర్పాటు కుంటుపడెను. ఇంకొకటి. పాతదానికి జీపీఎల్, కొత్తదానికి ఎంఐటీ లైసెన్సు. మార్చి పంచేవాడు తన మార్పులనూ తెరిచి ఇవ్వాలన్న షరతు దీంతో పోయింది. గొంతు చించుకుని ఈ మాటంటే “అది సాంకేతిక విషయం కాదండీ” అని నోరు మూయిస్తారు.

విశేషము: ఈ జాతి తగవులలో ఉత్తమమైనది 2014 ఫిబ్రవరిలో డెబియన్‌లో నడిచెను. యంత్రము లేవగానే తక్కిన సేవలన్నిటిని లేపెడి ఇనిట్ పదవి ఎవరిదని ప్రశ్న. ఎనిమిదిమంది కమిటీ నాలుగు, నాలుగుగా చీలగా అధ్యక్షుని నిర్ణాయక ఓటుతో సిస్టమ్‌డీ గెలిచెను. ఒప్పనివారిలో కొందరు డెవువాన్ పేర వేరు కాపురము పెట్టిరి.

ప్రసంగాంతరము: పిఠాపురమువారికి ఇదేమి వింత? తెలుగు వ్రాతకు డీఫాల్టు గ్రాంథికమే కావలెనను పక్షమునకు మా సంస్థానమే అండ. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పుట్టినది. జయంతి రామయ్య పంతులుగారు దండనాయకులు. ఎదుట గిడుగు రామమూర్తిగారు. మహానిఘంటువు కావలెననగా సూర్యారావు బహదూరు మహారాజావారు ధనమిచ్చిరి. పండితులు కావ్యములను జల్లెడపట్టి, అర్థమునకు కవిప్రయోగమును సాక్షిగా నిలిపి కూర్చగా, శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటము 1936లో వెలువడెను. ఒక మాట కొరకు తెరచినవాడు పది మాటలు చదివి, తెరచిన మాట మరచి, భోజనమునకు పిలిచినను లేవడు. అయితే అప్పటికి కన్యాశుల్కము అచ్చయి 39 ఏండ్లు. వ్యావహారికము ఏ అధ్యక్షుని ఓటుతోను గద్దె యెక్కలేదు. వ్రాసెడివారు వ్రాసిరి, చదివెడివారు చదివిరి. ఓడిన పక్షంవారి ఆ నిఘంటువునే గెలిచిన పక్షంవాళ్లం ఇవాళ్టికీ తిరగేస్తున్నాం. ఇంతకూ ప్రకృతమేది? ఆఁ, ఎల్ఎస్.

ఆక్షేపము: పాత అచ్చుపుస్తకాల్లో కనిపించే నకారపొల్లుకు యూనికోడులో చోటు 2021లో, 14.0 కూర్పులో గాని దొరకలేదు. దొరికింది కదా అని పద్యం టైపు చేయబోతే, నా కంప్యూటరులో వ్యవస్థతో వచ్చిన ఖతిలో ఆ అక్షరమే లేదు. పాదం చివర ఖాళీ డబ్బా. వేరే ఖతి వేసుకోవయ్యా అంటారు. నేను వేసుకుంటాను, సరే. ఆ ఫైలు అందుకున్నవాడి సంగతి? వాడి తెరమీదా డీఫాల్టే గదా ఉండేది! దాన్ని మార్చాలని మాత్రం ఏ మహావక్తకూ నోరు పెగలదు. పాత క్యాట్‌తో చూసినా, రస్ట్‌లో రాసిన కొత్త క్యాట్‌తో చూసినా అక్కడ అదే డబ్బా.