సిస్టమన్న

పలమనేరులో ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. ఏ జిరాక్సు షాపు ముందు నిలబడి "సిస్టమన్న యాడుండాడు?" అన్నా చెప్పేస్తారు. చొక్కా జేబులో టెస్టరు, మెడలో దారానికి వేలాడే పెన్‌డ్రైవు, బండి డిక్కీలో గీతలు పడిన విండోస్ సీడీలు. 2011 నవంబరులో మీసేవ మా చిత్తూరు జిల్లాలోనే మొదలైంది. ఆ తర్వాత సందుకో కంప్యూటరు వచ్చింది, ఆయనకు మధ్యాహ్నం పూట అన్నం తినే తీరిక పోయింది.

ఆయన వైద్యం ఒకటే, రీస్టార్టు. ప్రింటరు కదలకపోతే రీస్టార్టు, నెట్టు రాకపోతే రీస్టార్టు. ఇందులో ఎగతాళి చేయాల్సిందేమీ లేదు. మెమరీలో ఇరుక్కుపోయిన ప్రోగ్రాములన్నీ ఒక్క దెబ్బతో ఖాళీ అవుతాయి కాబట్టి చాలా జబ్బులు నిజంగానే దాంతో కుదురుతాయి. ఆ కారణం మాత్రం ఆయన చెప్పడు. చెబితే రేపట్నుంచి మనమే నొక్కుకుంటాం కదా!

బటన్ నొక్కే ముందు ఒక విచారణ ఉంటుంది.

"నువ్వేం చేసినావు?"

"నేనేం ముట్టుకోలేదన్నా."

"ముట్టుకోకుంటే ఎట్ల చెడిపోతుంది?"

కంప్యూటర్ చెడిందంటే యజమాని నేరస్థుడని ఆయన నమ్మకం. రీస్టార్టుకు లొంగకపోతే ఒక నిట్టూర్పు, ఆపైన తీర్పు: "మదర్‌బోర్డు వీకుండాది." తెలియదు అనే మాట ఆయన నోట ఎవరూ వినలేదు. తెలియని చోటల్లా మదర్‌బోర్డే ఉంటుంది.

అట్లాంటి మనిషికి రీస్టార్టే రోగమైన కేసు తగిలింది. ఒకప్పటి ఇంటర్నెట్ సెంటర్ని కంప్యూటర్లతో సహా కొనుక్కుని ఒక కుర్రాడు డీటీపీ షాపు పెట్టాడు. అనూ ఫాంట్లు వేసుకుని, పేజ్‌మేకర్‌లో పెళ్లి పత్రిక కూర్చి, డెస్క్‌టాప్ మీద సేవ్ చేసి రాత్రి షట్టరు దించాడు. పొద్దున్నే పెళ్లికూతురి నాన్న వచ్చి కూర్చున్నాడు. సిస్టమ్ ఆన్ చేస్తే పత్రికా లేదు, ఫాంట్లూ లేవు. పైగా నిన్న తీసేసిన పాత సినిమా హీరో వాల్‌పేపరు నవ్వుతూ మళ్లీ హాజరు. పెట్టినవి ఉండవు, తీసినవి పోవు.

సిస్టమన్న వచ్చాడు. రీస్టార్టు చేశాడు. ఆయన వచ్చేలోపు కుర్రాడు మళ్లీ టైపు చేసుకున్న సగం పత్రిక కూడా పోయింది.

"సీమాస్ బ్యాటరీ పోయుండాది" అన్నాడు. వాచీల అంగడి నుంచి సీఆర్ 2032 తెప్పించి వేశాడు. ఆ మూడు వోల్టుల బిళ్ల కాపాడేది తేదీని, టైమును, బయాస్ సెట్టింగులను మాత్రమే. అది చచ్చిపోతే గడియారం ఏ పాత ఏడాదికో వెళ్తుంది, తేదీ కుదరక వెబ్‌సైట్లు తెరుచుకోవు. పెళ్లి పత్రిక ఉండేది హార్డ్ డిస్కులో, దానికీ బ్యాటరీకీ సంబంధం లేదు. తర్వాత ర్యామ్ ఊడబెరికి స్కూలు పిల్లల రబ్బరుతో రుద్దాడు. వైరస్ అన్నాడు. యాంటీవైరస్ వేశాడు. రీస్టార్టు కాగానే యాంటీవైరస్ మాయం! "చూసినావా, వైరస్ ఎంత స్ట్రాంగో!" అని ముచ్చటపడ్డాడు. బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయి మదర్‌బోర్డు తేవాలన్నాడు.

హాల్‌టికెట్టు ప్రింటు కోసం వచ్చిన ఇంటర్ పాప అడిగింది, "అన్నా, గడియారం పక్కన ఆ తెల్ల ఎలుగుబంటి ఏంది?"

కౌండిన్య అడవి పక్కన ఉన్నోళ్లం, ఏనుగులు చేలల్లో పడితే ఆశ్చర్యపోము. కానీ తెల్ల ఎలుగుబంటి పలమనేరుకు రావడానికి బలమైన కారణం ఉండాలి. అది డీప్ ఫ్రీజ్ గుర్తు, కెనడాలోని ఫారోనిక్స్ కంపెనీ సరుకు. కాలేజీ ల్యాబుల్లో, నెట్ సెంటర్లలో వచ్చిపోయేవాళ్లు సిస్టమ్‌ని పాడు చేయకుండా దాన్ని వేస్తారు. వేసిన రోజు డిస్కు ఎట్లుందో అట్లే గడ్డకట్టేస్తుంది. ఆపైన మనం చేసే మార్పులన్నీ తాత్కాలికం. రీస్టార్టు కాగానే వాటిని వదిలేసి, పాత స్థితినే చూపిస్తుంది. షిఫ్ట్ నొక్కి ఆ ఎలుగుబంటిని డబుల్ క్లిక్ చేస్తే పాస్‌వర్డు అడుగుతుంది. అది కొడితే ఫ్రీజింగు తీసేయొచ్చు.

"ఎవుడో గానీ గట్టిగానే పెట్టుండాడు" అని సిస్టమన్న మెచ్చుకున్నాడు. కుర్రాడు పాత ఓనరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"సిస్టమన్నే కదా పెట్టింది! పాస్‌వర్డు కూడా ఆయన దగ్గరే ఉండాది."

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన మొహంలో గీత కూడా మారలేదు. "అందుకే చూడు, ఇన్నేళ్లయినా దీనికి ఒక్క వైరస్ రాలా" అన్నాడు.

"పాస్‌వర్డేందన్నా?"

కాసేపు ఆలోచించాడు. "మదర్‌బోర్డు మార్చేద్దాం."

చివరికి సీడీతో బూట్ చేసి, ఫార్మాట్ కొట్టి, విండోస్ మళ్లీ వేశాడు. పెట్టినందుకు అప్పట్లో పాత ఓనరు డబ్బులిచ్చాడు, తీసినందుకు ఇప్పుడు ఈ కుర్రాడు ఇచ్చాడు.

మీరూ షాపుకు పాత సిస్టమ్ కొని ఉంటే ముందు గడియారం పక్కన ఒకసారి చూసుకోండి. ఎలుగుబంటి కనబడితే, ఫ్రీజ్ కాని డ్రైవ్ ఏదైనా ఉందేమో చూసి ఫైళ్లు అందులో దాచండి, లేకుంటే పెన్‌డ్రైవులో వేసుకోండి. సిస్టమన్న చేత ఏది వేయించుకున్నా పాస్‌వర్డు కాగితం మీద రాయించుకున్నాకే డబ్బులివ్వండి.