బూడిద రంగు మీద మహాభాష్యం

బ్రిటన్‌లో ఒక జాతి పరిశోధకులున్నారు. వాళ్లకు విశ్వవిద్యాలయం లేదు, గైడు లేడు, ఫెలోషిప్ అసలే లేదు. ఉన్నవల్లా ఒక బల్ల, దాని మీదికి వంగిన దీపం, పదునైన కత్తి, సీసాడు జిగురు, జానెడు పొడవు ప్లాస్టిక్ విమానం. అలాగని ఏ విమానం పడితే అది పనికిరాదు. 1945 డిసెంబరు 3న ఎరిక్ బ్రౌన్ అనే నౌకాదళ పైలట్ సీ వాంపైర్‌ను ఓషన్ అనే ఓడ మీద దించి, జెట్టు కూడా ఓడ మీద వాలగలదని చూపించాడు. అది మొదలుకొని బ్రిటిష్ నౌకాదళం ఎగరేసిన జెట్లే వీళ్ల ఇలవేల్పులు: అటాకర్, సీ హాక్, సీ వెనమ్, సిమిటార్, సీ విక్సెన్, బకనీర్, ఫాంటమ్, సీ హారియర్.

"బొమ్మలు అతికిస్తున్నారాండీ?" అని అడిగారనుకోండి, ఆయన మొహం మాడిపోతుంది. "బొమ్మలేమిటండీ? స్కేల్ మోడళ్లు. నేను చేస్తున్నది చరిత్ర పరిశోధన" అంటాడు. అతికించడంతో నాకు పేచీ లేదు. రిటైరైన మనిషి ఊరి మీద పడకుండా, ఇంట్లో ఓ మూల కూచుని ప్లాస్టిక్ ముక్కలు అతికించుకుంటే అందరికీ క్షేమమే. నా పేచీ అల్లా ఆ పరిశోధన అనే మాటతో.

సీ విక్సెన్‌నే తీసుకోండి. డి హావిలాండ్ వాళ్ల విమానం. దీనిలో పైలట్ కూచునే అద్దాల గది ముక్కు మధ్యలో ఉండదు, ఎడమవైపుకు జరిగి ఉంటుంది. రాడార్ చూసే రెండో మనిషి కుడివైపున, కింద, విమానం కడుపులో కూచుంటాడు. రాడార్ తెర కనబడాలంటే చీకటి కావాలి గనక అతనికి చీకటే రాసిపెట్టారు. ఆ చోటుకు నావికులు పెట్టుకున్న పేరు బొగ్గుల కొట్టు. ఇప్పుడు మన పరిశోధకుడు ఏం చేస్తాడు? కిట్‌లో వచ్చిన సీటు నాసిగా ఉందంటాడు. రెసిన్‌తో పోతపోసిన మార్టిన్ బేకర్ సీటు విడిగా తెప్పిస్తాడు. వేలి గోరంత ఉండే ఆ సీటుకు భూతద్దం పెట్టి లోహపు బెల్టులు తగిలిస్తాడు, బెల్టుల బకిళ్లకు వెండి రంగు వేస్తాడు. అంతా అయ్యాక దాన్ని బొగ్గుల కొట్లో దించి, పైన మూత పెట్టి అతికించేస్తాడు. ఇక దాన్ని ఏ నరమానవుడూ చూడలేడు. ఎందుకండీ ఈ శ్రమ అంటే, "లోపల ఉందని నాకు తెలుసుగా" అంటాడు. అప్పట్లో ఆ కొట్లో కూచున్న మనిషికి బయటి లోకం సరిగ్గా కనబడేది కాదు, ఇప్పుడు బయటి లోకానికి ఆ కొట్టు కనబడదు. లెక్క సరిపోయింది.

తర్వాతి అధ్యాయం గీతలు. అసలు విమానంలో రేకుకూ రేకుకూ మధ్య ఉండే అతుకును మోడల్ మీద గీతగా చూపిస్తారు. పాత కిట్లలో ఈ గీతలు ఉబ్బెత్తుగా ఉండేవి. అది మహాపాపమని తర్వాత తేలింది, ఇప్పుడు లోపలికి చెక్కుతున్నారు. పాత కిట్ కొని, ఉబ్బు గీతలన్నీ గరుకు కాగితంతో రుద్ది పారేసి, సూది పట్టుకుని అన్నీ మళ్లీ గీసుకునే తపస్వులున్నారు. సరే, లెక్క వేద్దాం. స్కేలు డెబ్బయిరెండో వంతు. గీత వెడల్పు 0.3 మిల్లీమీటర్లు అనుకుంటే అసలు విమానంలో అది 21.6 మిల్లీమీటర్ల సందు. వేలు సుబ్బరంగా దూరుతుంది. రంగు పూత 0.05 మిల్లీమీటర్లు ఉంటే అసలు విమానం మీద మూడున్నర మిల్లీమీటర్ల పైన మందం, అంటే గోడకు కొట్టిన ప్లాస్టరు. కాక్‌పిట్ అద్దం ఒక మిల్లీమీటరు ఉన్నా చాలు, అసలు పైలట్ ఏడు సెంటీమీటర్ల గాజులోంచి చూస్తున్నట్టు. ఇలాంటి విమానం ఓడ మీంచి లేచే మాట దేవుడెరుగు, ముందు వానలో నిలబెట్టి చూడాలి. ఈ లెక్కలన్నీ కంఠతా వచ్చిన మనిషే పక్కవాడి బకనీర్‌ను చూసి, "ముక్కు అర మిల్లీమీటరు పొట్టి" అని పెదవి విరుస్తాడు.

పుట్టుకతో వీళ్లు ఇలా లేరు. 1950లు, 60లలో ఎయిర్‌ఫిక్స్ కిట్లను సంచుల్లో వేసి వూల్‌వర్త్స్ దుకాణాల్లో రెండు షిల్లింగులకు అమ్మేవారు. పిల్లవాడు శనివారం కొనుక్కుని, సాయంత్రానికి అతికించి, రంగు ఆరకముందే దారం కట్టి పడకగదిలో వేలాడదీసేవాడు. మోజు తీరాక పెరట్లోకి తీసుకుపోయి టపాకాయ పెట్టి పేల్చేసేవాడు. బకనీర్‌కు ఇంకా ఆ పేరు నిలదొక్కుకోకముందే, ఎన్.ఏ.39 అన్న పేరుతో ఎయిర్‌ఫిక్స్ కిట్ తెచ్చింది. ఆ పిల్లవాడు దాని ముక్కు కొలవలేదు. యాభై ఏళ్లు గడిచాక జేబులో పింఛనూ చేతిలో వెర్నియర్ కాలిపరూ ఒకేసారి వచ్చి పడ్డాయి, కొలుస్తున్నాడు.

అన్నిటికన్నా పెద్ద శాస్త్రం రంగు. ఈ జెట్ల వీపు మీద చాలాకాలం ఉన్న రంగు పేరు ఎక్స్‌ట్రా డార్క్ సీ గ్రే. బ్రిటిష్ స్టాండర్డ్ 381సి పట్టికలో దాని నంబరు 640. హంబ్రోల్ కంపెనీ రంగు డబ్బాల్లో 123. ఇంతటితో కథ కంచికి పోవాలి, మరి శాస్త్రం బతకాలి కదా! చిన్న వస్తువును చూడటమంటే పెద్ద వస్తువును దూరం నుంచి చూడటమేననీ, దూరం పెరిగితే రంగు పలచబడుతుందనీ, కాబట్టి మోడల్‌కు వేసే రంగులో కొంత తెలుపు కలపాలనీ ఒక సిద్ధాంతం. ఎంత తెలుపు? ఇక్కడ మతాలు చీలాయి. డబ్బాలోని రంగూ విమానం మీది రంగూ ఒకటేననే అద్వైతులున్నారు. రెండూ ఎన్నటికీ ఒకటి కావనే ద్వైతులున్నారు. ఒకటేగానీ పదిపాళ్లు తెలుపుతో కూడిన ఒకటి అనే విశిష్టాద్వైతులే సంఖ్యాబలం గలవాళ్లు. ముగ్గురూ ప్రమాణంగా చూపేది మాత్రం ఒకే ఫోటో. అరవై ఏళ్ల కింద ఎండలో తీసిన స్లైడు, అప్పటినుంచి డ్రాయరులో వెలిసిపోతూ ఉంది.

పోనీ, వినోదం అని ఊరుకోవచ్చు. నవ్వు ఆగిపోయేది తెలుపు దగ్గర. బకనీర్లు మొదట్లో ఒళ్లంతా తెల్లగా ఉండేవి, వాటి మీది గుర్తులు కూడా పాలిపోయి ఉండేవి. ఆ తెలుపులో పసుపు ఛాయ ఎంత, నిగనిగ ఎంత, గుర్తుల్లోని నీలం ఎన్నో వంతు పాలిపోయింది అన్న విషయాల మీద మన పండితుడు గంటసేపు ఏకధాటిగా మాట్లాడగలడు. ఆ తెలుపు ఎందుకు వేశారయ్యా అంటే ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: అణు వెలుగును తిప్పికొట్టడానికి. అంతే, మళ్లీ పసుపు ఛాయ దగ్గరికి వెళ్లిపోతాడు. కాస్త ఆగవయ్యా పెద్దమనిషీ! సోవియట్ స్వెర్ద్‌లోవ్ తరగతి నౌకల మీదికి సముద్రానికి ఆనుకుని దూసుకుపోయి, రెడ్ బియర్డ్ అనే అణుబాంబు విసిరి రావాలని చేసిన విమానం అది. తాను వేసిన బాంబు తన ఒళ్లే కాల్చకుండా చూసుకోవడానికి పూసుకున్న సున్నం ఆ తెలుపు. ఆ విమానంలోని ఇద్దరు కుర్రాళ్లూ పని ముగించుకుని తిరిగొచ్చేసరికి దిగడానికి ఓడ మిగిలి ఉంటుందా అన్నది చరిత్ర అడగవలసిన ప్రశ్న. ఛాయ సంగతి రంగుల కొట్టువాడు చూసుకుంటాడు.

సిమిటార్ సంగతి ఇంకా ఘోరం. 76 తయారైతే 39 ప్రమాదాల్లోనే పోయాయి. శత్రువు చెయ్యి ఒక్కదాని మీద కూడా పడలేదు. 145 సీ విక్సెన్లలో మూడోవంతుకు పైగా అదే దారి పట్టాయి. ఆ సీ విక్సెన్‌కు మూలమైన నమూనా 1952 సెప్టెంబరు 6న ఫార్న్‌బరో ప్రదర్శనలో గాలిలోనే ముక్కలై, లోపలి ఇద్దరితోపాటు చూడవచ్చిన 29 మందిని చంపింది. ఓడల పొడవు పాతకాలపుది, విమానాల బరువూ వేగమూ కొత్తవి. ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికి బ్రిటిష్ వాళ్లు పడని పాట్లు లేవు. చక్రాలే అక్కర్లేదని డెక్కు మీద రబ్బరు పరుపు పరిచి, 1948లో వారియర్ ఓడ మీద విమానాన్ని పొట్ట మీద దించారు. (చక్రాలు అతికించే పని తప్పుతుంది గనక మోడలర్లు దీన్ని నెత్తిన పెట్టుకుంటారనుకున్నాను, ఉహూ.) ఓరగా సాగే డెక్కు, ఆవిరితో విసిరే కాటపల్టు, దిగేవాడికి దారి చూపే అద్దం, ఈ మూడూ బ్రిటిష్ బుర్రల్లో పుట్టినవే. ఇవాళ్టికీ అమెరికా వాళ్లు ఓరడెక్కు మీదే దిగుతున్నారు. దిగేటప్పుడు వేగం తగ్గించుకోవడానికి ఇంజిను నుంచి వేడిగాలి లాగి రెక్క మీదుగా ఊదే ఏర్పాటు సిమిటార్‌లోనూ బకనీర్‌లోనూ ఉంది. ఆ గాలి బయటికొచ్చే సందు కిట్‌లో ఉందా లేదా అన్నదే మన పరిశోధకుడి పట్టింపు. సందు కనబడితే సీరియల్ నంబరు వేసుకుని ముందుకు పోతాడు. నిజంగా ఖచ్చితత్వమే వ్రతమైతే సిమిటార్ కిట్లు రెండు కొని, ఒకదాన్ని బకెట్లో ముంచి ప్రదర్శనకు పెట్టాలి. బహుమతి వస్తుందో రాదో గానీ చరిత్ర అదే.

ఫాంటమ్ తోక మీది ఒమెగా కూడా ఇంతే. 1966లో ప్రభుత్వం కొత్త పెద్ద ఓడను రద్దు చేసింది. ఇక ఓడ మీంచి లేచే మామూలు జెట్లకు ఇదే ఆఖరి దళమని తెలిసి, 892 స్క్వాడ్రన్ వాళ్లు గ్రీకు అక్షరమాలలోని చివరి అక్షరాన్ని తమ తోక మీద వేసుకున్నారు. మంత్రివర్గానికి మొహం మీదే అన్నమాట అది. మోడల్ మీద అంటించే గుర్తుల కాగితం, అదే డెకాల్ షీటు, ముందేసుకున్నవాడికి మాత్రం దాని మందమే కావాలి.

ఇంత పరిశోధన చేశాక మోడల్ పూర్తవుతుందా అంటే, ఎక్కడ పూర్తవుతుంది? అటక మీద, మంచం కింద, బీరువా వెనక విప్పని పెట్టెలు. ఒక్కోదానికీ ఒక్కో ఆధారం దొరకవలసి ఉంది. పెట్టె విప్పితే తప్పు దొర్లవచ్చు, విప్పకుంటే దొర్లదు. పాండిత్యంలో ఇంతకన్నా భద్రమైన స్థానం లేదు.

1982 ఏప్రిల్‌లో ఫాక్‌లాండ్స్‌కు బయల్దేరిన హెర్మిస్ ఓడ మీది సీ హారియర్ల పొట్టలు తెల్లగా ఉండేవి. యుద్ధంలోకి వెళుతూ తెల్లపొట్ట వేసుకుపోతే దూరానికి కనబడతాం గదా అని, దారిలోనే ఆ తెలుపంతా కప్పేసి బూడిద రంగు కొట్టారు. స్ప్రే గన్‌తో కాదు, చేతి బ్రష్షులతో. నావికులు, నడిసముద్రంలో, ఊగుతున్న ఓడలో. 381సి పట్టిక ఎవరూ ముందు పెట్టుకోలేదు, పదిపాళ్ల తెలుపు ఎవరూ కలపలేదు. ఆ బ్రష్షు చారలతోనే వెళ్లి గెలిచి వచ్చారు, గాలిలో జరిగిన పోరులో ఒక్క సీ హారియర్‌ను కూడా పోగొట్టుకోలేదు. అదే విమానాన్ని ఇవాళ ఒక కుర్రాడు బ్రష్షుతో రంగు వేసి ప్రదర్శనకు తెస్తే, న్యాయనిర్ణేత వంగి చూసి అనే మొదటి మాట: "చారలు పడ్డాయి బాబూ, ఎయిర్‌బ్రష్ వాడాల్సింది."

ఆ హెర్మిస్సే 1987లో మన విరాట్ అయింది. అంతకుముందే విక్రాంత్ మీంచి సీ హాక్‌లు 1971 డిసెంబరులో కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. ఆ వెనకే సీ హారియర్లు వచ్చి 2016 దాకా ఎగిరాయి. కాబట్టి ఈ జాడ్యం మనకూ అంటింది. వైట్ టైగర్స్ స్క్వాడ్రన్ పులి బొమ్మ డెకాల్ కోసం కస్టమ్స్ వాళ్లతో కుస్తీ పట్టే కుర్రాళ్లు మన దగ్గరా ఉన్నారు. పోనీలెండి, పరాయి నౌకాదళం గురించైతే కాదు. విరాట్‌ను విశాఖలో మ్యూజియం చేస్తామని 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముందుకొచ్చింది, ముందుకొచ్చిన చోటే ఆగింది. ఓడ 2017లో విరమించింది, 2020లో గుజరాత్ తీరంలోని అలాంగ్‌కు తుక్కు కింద చేరింది. ఫాక్‌లాండ్స్ దారిలో బ్రష్షులు పట్టుకుని నావికులు తిరిగిన డెక్కును గ్యాస్ కట్టర్లతో ముక్కలు కోశారు. ఆ వార్త చదివి మన పరిశోధకుడు నిజంగానే బాధపడి ఉంటాడు. ఒక్క రేకు ముక్క చేతికొచ్చి ఉంటే, డెక్కు రంగు ఏ నంబరో సరిచూసుకునేవాడు.