నాంపల్లిలో నా నడుము

సిగరెట్టు మానాలనుకునేవాడు ముహూర్తంతో పాటు ఆఫీసు ఎక్కడుందో కూడా చూసుకోవాలి. మాది నాంపల్లి. నేను మానేసింది జనవరి 1న. సరిగ్గా ఆ రోజే, మా ఆఫీసుకు నాలుగడుగుల దూరంలో, నుమాయిష్ గేట్లు తెరుస్తారు. 1938లో మొదలైన ఈ ఎగ్జిబిషన్ మామూలుగా ఫిబ్రవరి 15 దాకా, అంటే 46 రోజులు సాగుతుంది. పగవాడు కూడా అలాంటి ముహూర్తం పెట్టడు.

మొదటి రోజు నాకు చిరాకు. రెండో రోజు ఇంటిల్లిపాదికీ చిరాకు. మూడో రోజు నా ముక్కు డ్యూటీలో చేరింది. ఇరవై రెండేళ్లు పొగగొట్టంగా వాడుకున్న ముక్కు. దానికి వాసన చూసే పని కూడా ఉందన్న సంగతే మరిచిపోయాను. ఆ సాయంత్రం అబిడ్స్ నుంచి మొజంజాహీ మార్కెట్ వైపు నడుస్తుంటే బేకరీ బిస్కట్ల వాసన ఎదురొచ్చి భుజం మీద చెయ్యేసింది. పాత స్నేహితుడు పిలిస్తే కాదంటామా? 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్లో ఐస్‌క్రీం దొరుకుతుందని ఎప్పటినుంచో తెలుసు. దానికి రుచి కూడా ఉంటుందని మాత్రం ఆ రోజే తెలిసింది.

ఇక చెయ్యి. టీ పడగానే రెండు వేళ్లూ వాటంతటవే విచ్చుకుని, మధ్యలో ఏదో ఒకటి పెట్టమంటాయి. నుమాయిష్‌లో పెట్టడానికి మిర్చీ బజ్జీ ఉంది. తొడిమ దగ్గర పట్టుకుంటే ఆకారం కూడా దాదాపు అదే.

పాన్ డబ్బా అతను మొదట్లో చుట్టం పోయినంత బాధపడ్డాడు. తర్వాత నాకు సోంపు, పల్లీపట్టీ, మీఠా పాన్ అలవాటయ్యాయి. నెల తిరిగేసరికి, "మీరు మానేశాక గిరాకీ పెరిగింది సాబ్" అన్నాడు, మనస్ఫూర్తిగా.

ఫిబ్రవరిలో ప్యాంట్లు తిరగబడ్డాయి. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దర్జీ మొదటిసారి అరంగుళం వదిలాడు, రెండోసారి అంగుళం. మూడోసారి కుట్టు తిరగేసి చూసి, "కప్డా ఖతం, సాబ్" అన్నాడు.

ఇంటావిడ ఇంకొంచెం సాహిత్యపరంగా చెప్పింది. "ఏమండీ, పొగతాగనివాడు దున్నపోతై పుట్టునని కన్యాశుల్కంలో గిరీశం పెట్టిన శాపం వచ్చే జన్మకి కదా! మీకెందుకంత తొందర?"

డాక్టరు దగ్గరికి వెళ్లాను. నికోటిన్ ఆకలిని అణిచిపెడుతుందట, ఒంట్లో కేలరీల ఖర్చును పెంచుతుందట. మానేస్తే ఆకలి లేస్తుంది, ఖర్చు తగ్గుతుంది. ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరగడం మామూలేనట, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూణ్ణెల్లలోనే. నేను పెరిగింది తొమ్మిది. సగటు అన్నాక ఎవరో ఒకరు పెరగనివాళ్లుంటారు కదా, వాళ్ల వాటా కూడా నేనే మోశానన్నమాట. "మళ్లీ కాల్చి తగ్గాలని మాత్రం చూడకండి. ఈ బరువు కన్నా ఆ పొగే ప్రమాదం. నడవండి" అన్నాడు.

నిన్న నాంపల్లి మెట్రోలో లిఫ్టు ముందు జనం ఉంటే మెట్లెక్కాను. పోయినేడు ఆ మెట్ల మీద రెండుసార్లు ఆగి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ ఆయాసం తీర్చుకునేవాణ్ణి. ఈసారి తొమ్మిది కిలోల అదనపు సామానుతో పైదాకా వెళ్లాను. ఫోన్ జేబులోనే ఉంది. నేనెక్కడా ఆగలేదు.

ప్యాంటు గుండీ కూడా ఆగలేదు.