తురగనియమావళి: సటీకాతాత్పర్యం

అవతారిక

హైటెక్ సిటీలో ఒక కంపెనీ. పేరుతో పని లేదు. అద్దాల మేడ, అడుగున ఫుడ్‌కోర్టు, మెళ్లో ట్యాగు, అన్నిటికీ ఉన్నవే దీనికీ ఉన్నాయి. ఉద్యోగుల్లో ఐకమత్యం పెంచడానికి ఏటా ఏదో ఒకటి చేయిస్తుంటారు. ఒక ఏడు కుండలు చేయించారు, ఒక ఏడు డప్పులు కొట్టించారు. ఈ ఏడు గుర్రాలు ఎక్కించారు. గండిపేట అవతల, మొయినాబాదు వైపు, ఒక సవారీ బడి మైదానాన్ని శనివారానికి అద్దెకు తీసుకున్నారు. అంతవరకూ బాగానే ఉంది. పోటీకి ముందు నియమావళి అంటూ ఒక పీడీఎఫ్ పంపారు. అక్కడ చెడింది.

పీడీఎఫ్ ఇంగ్లీషులో ఉంది. గుర్రం ఎక్కించి దింపడానికి అంత గాంభీర్యం ఎందుకో ఎంత చదివినా అంతుపట్టలేదు. "మూల్యాంకన చట్రం" అనే అర్థం వచ్చే మాట ప్రతి పేజీలోనూ ఉంది. గడ్డి అనే మాట ఎక్కడా లేదు. ఇంత గట్టి గ్రంథానికి వ్యాఖ్యానం లేకపోవడం భాషకే లోటు కనుక, దాన్ని సూత్రాలుగా తెలుగులోకి దించి, టీక రాయడానికి పూనుకుంటున్నాను.

వ్యాఖ్యాతలకు గురుస్థానం ఎవరిదో చెప్పనక్కర్లేదు. ఇక్కణ్ణించి మెదక్ దారి పడితే కొల్చారం వస్తుంది. కోలాచల మల్లినాథసూరిది ఆ ఊరేనంటారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. కాళిదాసు మీద, మాఘుడి మీద రాశాడు కాబట్టి నిలుపుకున్నాడు. పీడీఎఫ్ మీద రాసేవాడు అదే ప్రతిజ్ఞ పట్టుకుంటే తొలి పేజీలోనే కలం మూసుకోవాలి. అందుచేత నేను పట్టను.

సూత్రం 1: పోటీ త్రిదశాత్మకము. నడక, అడ్డంకి, దూరపు సవారి అని దశలు మూడు. దశకు వంద మార్కులు. తప్పులకు కోత వేరు.

టీక: మూడు అంటే మూడు. స్పష్టం.

విశేషం: మూడు దశల పోటీ అనే ఊహ వీళ్లది కాదు. సైన్యంలో అధికారి గుర్రం కవాతులో నిదానంగా ఉంటుందా, అడవిలో పరుగెత్తుతుందా, మర్నాడు కూడా కాలు సాగుతుందా అని చూసే పరీక్ష అది. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో చేరింది. ఇప్పుడు ఈవెంటింగ్ అంటున్నారు. డ్రెస్సాజ్, క్రాస్‌కంట్రీ, షోజంపింగ్ అని దాని అంగాలు. లెక్క విచిత్రంగా ఉన్నా న్యాయంగా ఉంటుంది. అందులో పుణ్యం లేదు, పాపమే ఉంది. డ్రెస్సాజ్‌లో నూటికి 72 వస్తే, తగ్గిన 28 పాపమై ఖాతాకెక్కుతుంది. క్రాస్‌కంట్రీలో గుర్రం ఒకసారి మొరాయిస్తే 20, నిర్ణీత సమయం దాటిన ప్రతి సెకనుకూ 0.4, షోజంపింగ్‌లో కర్ర పడగొడితే 4. చివరకు ఎవరి పాపం తక్కువైతే వారిది గెలుపు. బెంగళూరు రౌతు ఫవాద్ మీర్జా టోక్యోలో సెయిన్యర్ మెడికాట్ అనే గుర్రం మీద 28తో మొదలుపెట్టి, క్రాస్‌కంట్రీలో 28 సెకన్లు ఆలస్యమై 11.20 కలుపుకుని, షోజంపింగ్ పాపాలూ తోడై, చివరకు 59.60తో 23వ స్థానంలో నిలిచాడు. ఏ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇంట్లో కూర్చుని కూడిక వేసుకోవచ్చు.

మన సూత్రకారుడు పుణ్యాన్నీ పాపాన్నీ ఒకే గంపలో వేశాడు. మార్కులు కలుపుతాడు, కోతలు కలుపుతాడు, ఏది పెరగాలో ఏది తరగాలో చెప్పడు. ఇది గ్రంథకర్త ప్రమాదమా, లేఖక ప్రమాదమా అన్నది విద్వాంసులు తేల్చాలి.

సూత్రం 2: నడక దశయందు అశ్వము "రన్నింగ్ వాక్" గతిని అవలంబించవలెను. రౌతు చేతి గ్లాసులో నీరు తొణకరాదు.

టీక: ఇక్కడ ఆగాలి.

అమరసింహుడు గుర్రపు నడకలను ధారలన్నాడు. ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని అయిదు. ఏ ధార ఎలా ఉంటుందో వ్యాఖ్యాతలు ఏకాభిప్రాయానికి రాలేదు, వస్తే వ్యాఖ్యాతలెందుకవుతారు? హేమచంద్రుడు ధౌరితకాన్ని ముంగిస, రాబందు, నెమలి, అడవిపంది నడకలతో పోల్చాడు. ఒక్క గుర్రంలో నాలుగు జంతువుల్ని చూడాలంటే ఎంతసేపు కూర్చుని చూసి ఉంటారో! గడియారం పట్టుకుని చూడలేదని మాత్రం తెలుస్తూనే ఉంది. మాఘుడు శిశుపాలవధ అయిదో సర్గలో గుర్రాలను నడిపించాడు, మల్లినాథుడు తన సర్వంకష వ్యాఖ్యలో వాటి వెనకాలే వెళ్లాడు. తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణ విలాసమని గుర్రాల మీదే ఒక పద్యకావ్యం రాశాడు. సుళ్లు, రంగులు, పళ్లు, కంఠధ్వని, దేన్నీ వదలని వంశం మనది. ఇందరిలో ఒక్కరి పుస్తకం ముట్టుకోకుండా గుర్రాలకు నియమావళి రాసిన ధైర్యానికి నమస్కారం.

"రన్నింగ్ వాక్" అమెరికాలో టెన్నెసీ జాతి గుర్రాలది. నాలుగు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి పడతాయి, ఎప్పుడూ ఏదో ఒక కాలు నేల మీద ఉంటుంది, రౌతు ఎగిరి పడడు. ఐస్‌లాండు గుర్రాలకు ఇలాంటిదే టోల్ట్ ఉంది. బీరు గ్లాసు పట్టుకుని ఒలకకుండా తిరిగి చూపిస్తారు. మనకూ ఉంది. మార్వారీ, కాఠియావాడీ గుర్రాల రేవాల్ చాల్ అదే తరహా. తపతి ఒడ్డున సారంగ్‌ఖేడా జాతరలో రేవాల్ చూసినవాళ్లు వేరే గుర్రాన్ని మెచ్చుకోరు. కనుక గ్లాసు పరీక్ష అబద్ధం కాదు. ఆ నడక ఉన్న గుర్రానికి.

నడక ఎక్కణ్ణుంచి వస్తుంది? 2012లో స్వీడన్ శాస్త్రజ్ఞులు నేచర్ పత్రికలో చెప్పారు. డీఎంఆర్‌టీ3 అనే జన్యువులో ఒక్క అక్షరం మారింది. అంతే. మన పరిభాషలో చెబితే పాఠాంతరం. ఐస్‌లాండు, టెన్నెసీ గుర్రాల ప్రతుల్లో ఆ పాఠం కనబడుతుంది. రేసుగుర్రాల, అంటే థరోబ్రెడ్ జాతి, ప్రతుల్లో కనబడదు. పుట్టుకతో రాసి లేనిదాన్ని శిక్షణ పెట్టి చదివించలేరు.

ఇక మైదానంలో ఉన్న గుర్రాలేవి? పోటీనాడు పొద్దున్నే వెళ్లి సైసునడిగాను. నల్లగా, పొడుగ్గా, అరచెయ్యంత వెడల్పు తెల్లచార నుదుటి మీదున్న ఒక మగగుర్రానికి జీను బిగిస్తున్నాడు. పొట్టపట్టీ లాగేముందు గుర్రం ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బించింది. అతను కొట్టలేదు, తిట్టలేదు. మెడ మీద చెయ్యి వేసి, అది ఊపిరి వదిలేదాకా నాతో మాట్లాడుతూ నిలబడి, అప్పుడు ఒక రంధ్రం బిగించాడు.

"ఇవన్నీ మలక్‌పేట రేసుల కెళ్లి వచ్చినయే సార్. ఉరుకుమంటె ఉరుకుతయి. ఆగుమంటెనే కష్టం."

"రన్నింగ్ వాక్ చేస్తాయా భయ్యా?"

"అంటే ఉరుకుడా, నడుసుడా? ఏదన్న ఒక్కటి చెప్పున్రి సార్."

మూలగ్రంథం మీద వచ్చిన విమర్శల్లో ఇంతకంటే సూటిది నాకు కనిపించలేదు.

హైదరాబాదు రేసులు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, మౌలాలి నుంచి మలక్‌పేటకు మారాయి. అక్కడ గుర్రాన్ని అడిగేది ఒక్కటే, వేగం. అదైపోయాక, కాలు నొచ్చితేనో వయసు మళ్లితేనో సవారీ బడులకు చేరతాయి. అలాంటి వృద్ధ సైనికుణ్ణి పట్టుకుని, గ్లాసు తొణకకుండా ఐస్‌లాండు నడక నడవమని, నడవనందుకు నూటికి ముప్పై ఒకటి చిల్లర వేశారు. కార్డు మీద "అభివృద్ధికి అవకాశం ఉంది" అని రాశారు.

ఈ వాక్యం నాకు పాత పరిచయం. మార్చిలో మా టీములో టెస్టింగ్ చేసే అమ్మాయికి ఇదే రాశారు. విభాగం: "కింది ఉద్యోగులను నడిపించే సామర్థ్యం". ఆమె కింద ఉద్యోగులు లేరు. ఎన్నడూ ఇవ్వలేదు. లేని మనుషులను సరిగా నడిపించనందుకు మార్కులు తగ్గాయి, వాటితో పాటు జీతం పెంపూ తగ్గింది. అడిగితే అందరికీ ఒకే చట్రం అన్నారు.

చట్రం మొండికేస్తే ఏమవుతుందో టెన్నెసీలోనే చూశారు. ముందుకాళ్లు ఎంత ఎత్తితే అన్ని మార్కులని జడ్జీలు మురిసిపోయారు. శిక్షకులు గుర్రాల గిట్టలకు కాస్త పైన మంటపుట్టించే రసాయనాలు రాసి, గొలుసులు కట్టారు. నేల తాకితే భగ్గుమంటుంది కనుక గుర్రం కాలు ఎత్తి ఎత్తి వేసేది. గ్యాలరీలో చప్పట్లు. దాన్ని సోరింగ్ అంటారు. ఆపడానికి అమెరికా 1970లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. మార్కు ఎక్కడ పెడితే వాత అక్కడ పడుతుంది.

వ్యాఖ్యాత కోపగించరాదు. ముందుకు పోదాం.

సూత్రం 3: స్కోరు దశాంశ బిందువు పిమ్మట రెండు స్థానముల వరకు గణింపబడును.

టీక: దీనికి ఉదాహరణ అరణ్యపర్వంలో నలోపాఖ్యానం. గుర్రాలూ లెక్కలూ ఒకే రథం ఎక్కిన కథ మన సాహిత్యంలో అదే.

ఋతుపర్ణుడు అయోధ్య నుంచి విదర్భకు ఒక్క రోజులో చేరాలి. సారథి బాహుకుడు, అనగా వికృతరూపంలో ఉన్న నలుడు. శాలలోకి వెళ్లి బక్కచిక్కిన గుర్రాలను ఏరి తెచ్చాడు. రాజుకు మండింది. ఈ ఎండు గుర్రాలతోనా అన్నాడు. పైచూపుకు మార్కులు వేసే అలవాటు ఆనాటికే ఉందన్నమాట. నలుడు వాటి సుళ్లు చూపించి, ఇవే కావాలన్నాడు. రథం లేచింది. రాజు ఉత్తరీయం జారింది. ఆపమనేలోపు అది ఆమడ దూరం వెనకబడిపోయింది.

వేగం చూసి ఋతుపర్ణుడికి తన విద్యా చూపించాలనిపించింది. దారి పక్కన తాండ్రచెట్టు కనబడితే, రాలిన ఆకులూ కాయలూ చెట్టున ఉన్నవాటికంటే నూటొకటి ఎక్కువనీ, రెండు కొమ్మలకూ అయిదు కోట్ల ఆకులూ 2095 కాయలూ ఉన్నాయనీ ఏకబిగిన చెప్పేశాడు. దశాంశాలు చెప్పలేదు, పాపం, ఆకు సగానికి ఉండదు కదా.

నలుడేం చేశాడు? ఆహా అనలేదు. రథం దిగాడు. మీరు చెప్పింది కంటికి కనబడేది కాదు, లెక్కపెట్టి చూస్తానన్నాడు. ఆలస్యమవుతుందని రాజు బతిమాలాడు, కావలసింది ఇస్తానన్నాడు. నలుడు వినలేదు. అంతసేపు తోటి సారథి వార్ష్ణేయుడు పగ్గాలు పట్టుకుంటాడులే అని, చెట్టు కొట్టి, లెక్కపెట్టి, సరిపోయాకే నమ్మాడు. అప్పుడు ఆ విద్య నాకివ్వు, అశ్వహృదయం నీకిస్తానన్నాడు. రాజు అక్షహృదయం ఇచ్చాడు. బదులుగా గుర్రాల విద్య? ప్రస్తుతానికి అది నీ దగ్గరే ఉండనీ అన్నాడు. లెక్కల మనిషికి ఎప్పుడూ అంతే. అంకె ఇప్పుడే కావాలి, గుర్రం తర్వాత. ఋతుపర్ణుడు తర్వాత నిజంగానే నేర్చుకున్నాడు, అది ఆయన గొప్ప.

అక్షహృదయం ఒంటబట్టగానే నలుణ్ణి పట్టిన కలి బయటికొచ్చి, ఆ చెట్టులోకి దూరాడు. స్కోరుకార్డుల కాగితం ఏ చెట్టు గుజ్జుతో చేస్తారో కనుక్కోవాలి.

ఎక్కడున్నాం? దశాంశాల దగ్గర. నల్లగుర్రానికి 31.25. ఆ పాతిక వంతు ఎక్కడిదని అడిగాను. ముగ్గురు జడ్జీల సగటు అన్నారు. ముగ్గురు పూర్ణాంకాలు వేస్తే సగటులో పాతిక రాదు. మూడో వంతు రావచ్చు, రెండు వంతులు రావచ్చు. ఇది చెబితే హెచ్ఆర్ అబ్బాయి ఎక్సెల్ తెరిచి చూసి, "ఫార్ములా కరెక్టే సార్" అన్నాడు. చెట్టు కొట్టడానికి నా చేత గొడ్డలి లేదు.

సూత్రం 4: ప్రయాణ వ్యయము రశీదు సమర్పించినచో చెల్లింపబడును.

టీక: స్పష్టం. పూర్వాచారం మాత్రం చెప్పాలి. విజయనగరానికి ఒర్ముజు నుంచి ఓడల్లో గుర్రాలు వచ్చేవి. సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపితే చాలు, బతికినదానికి ఇచ్చినట్టే డబ్బిచ్చేవారని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. నా క్యాబు బిల్లుకు తోక సరిపోలేదు. జీఎస్టీ నంబరు లేదని వెనక్కి పంపారు.

సూత్రం 5: నిర్ణేతల తీర్పే తుది తీర్పు. కారణములు తెలుపబడవు.

టీక: నిర్ణేతలు ఇద్దరు వైస్ ప్రెసిడెంట్లు, ఒక హెచ్ఆర్ అధిపతి. ముగ్గురిలో గుర్రమెక్కినవారు ఒక్కరే, అదీ పెళ్లి ఊరేగింపులో.

పూర్వపక్షం: అంతర్జాతీయ పోటీల్లోనూ జడ్జిమాటే చెల్లుతుంది కదా?

సమాధానం: చెల్లుతుంది. అయితే డ్రెస్సాజ్ జడ్జి ప్రతి కదలికకూ 0 నుంచి 10 వరకు విడివిడిగా అంకె వేస్తాడు. పక్కన కూర్చున్న లేఖకుడు, తక్కువ వేసినచోట ఎందుకు తగ్గిందో, మలుపులో వంగలేదనో, ఆగినప్పుడు వెనక కాలు వదిలేసిందనో, జడ్జి చెప్పింది రాసుకుంటాడు. ఆ కాగితం పోటీ అయ్యాక రౌతు చేతికిస్తారు. అంటే బరిలో నాలుగు నిమిషాలు తిరిగిన గుర్రానికి అందే సంజాయిషీ, ఏడాదంతా ఈ మేడలో తిరిగిన మనిషికి అందడం లేదు. నేను ముమ్మారు అడిగాను. నియమావళి చూడమన్నారు. చూశాను, టీక కూడా రాశాను.

అనుబంధం: నల్లగుర్రం పేరు కార్డులో ఎక్కడా లేదు, "అశ్వం 7" అని ఉంది. సైసుకు గడే లేదు. సాయంత్రం బహుమతులప్పుడు గెలిచినవాళ్లు గుర్రం పక్కన ఫొటో దిగుతుంటే, పగ్గం పట్టుకున్న అతన్ని ఫ్రేములోంచి కాస్త పక్కకు జరగమన్నారు. అతను జరిగాడు. అతనితో పాటే గుర్రమూ జరిగింది.